బెల్లం తూకం

నగరి,
18-4-1970

చిరంజీవి ప్రసూనాంబకు నీ వదిన నాగరత్నమ్మ దీవించి రాసేది.

ఎలా ఉన్నావని నిన్ను అడిగి లాభం లేదు. నీ ఒంటి సంగతి నీకంటే మీ డాక్టరమ్మకే బాగా తెలుసట కదా!

ఆడపిల్ల పుట్టిందని, తొమ్మిదిన్నర పౌన్లు తూగిందని నిన్న తమ్ముడు దేవరాజులు వచ్చి చెప్పాడు. నీ మొగుడు నోరు తెరిచి ఒక మంచిమాట చెప్పడం మీ పెళ్ళయ్యాక ఇదే మొదలు. "అక్కా, పక్క వార్డు నర్సమ్మలు గూడా వచ్చి సూసిపోతాండారు. అంత బొద్దుగా ఉండాది" అన్నాడు. వాడి ముఖం చూస్తే తానే కన్నట్టు ఉంది.

ఇక అసలు సంగతి. నీ శ్రీమంతానికి నేను మోసుకొచ్చిన గంపెడు కజ్జికాయలూ నువ్వుండలూ నోట పెట్టకుండా ఇరుగుపొరుగుకు పంచేశావు. ఆడబిడ్డ తెచ్చిన తీపిని కడుపుతో ఉన్న మనిషి కాదనడం మా ఇంట్లో ఎన్నడూ ఎరగం. ఎందుకే అంటే, మూత్రం కాచి చూస్తే చక్కెర కనబడింది అన్నావు. ఇక్కడ పిడికెడు చక్కెర కోసం రేషను అంగడి ముందు కాళ్ళు పీకేలా నిలబడుతున్నాం. నీ ఒంట్లో ఊరికే ఊరుతోందా? అయితే రెండు వీశెలు నాకూ పంపు తల్లీ. కాలు విరిగినవాడికి పుత్తూరులో కట్టు కట్టి నడిపిస్తారు. మీ డాక్టరమ్మ నడిచే మనిషికి పస్తులు పెట్టింది. ఆమె మాటే నిజమైతే ఇంత నిండైన బిడ్డ ఎలా పుట్టింది?

పిల్ల ఎత్తు బెల్లం తూస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. అన్నప్రాశన కాగానే కొండకు వస్తాను. ఈ పిల్ల నా కోదండానికే, వేరే మాట లేదు. వాడికి అయిదేళ్ళు. "నా పెండ్లాము యాడుండాదిమా?" అని ఇప్పటినుంచే అడుగుతున్నాడు.

నీకు నచ్చకపోయినా నీ మేలు కోరే
నాగరత్నమ్మ

తిరుపతి,
2-5-1970

వదిన గారికి ప్రసూనాంబ నమస్కారాలు.

మీ దీవెన అందింది. దానికి చుట్టిన ముళ్ళకంప కూడా అందింది.

బడిలో మూడో తరగతి పిల్లలకు చెప్పేది మీకూ చెప్పాల్సి వస్తోంది. బరువు వేరు, బలం వేరు. కడుపుతో ఉన్న తల్లి రక్తంలో చక్కెర పెరిగితే అది బిడ్డకూ పోతుందట. బిడ్డ లోపలే అవసరానికి మించి ఒళ్ళు చేస్తుందట. బొడ్డు కోయగానే ఆ చక్కెర ఆగిపోయి మన పిల్ల వణికిపోయింది. గ్లూకోజు ఎక్కించి నిలబెట్టారు. మీ తమ్ముడు గారికి ఆ వణుకు కనబడలేదు, తక్కెడ ముల్లు మాత్రం కనబడింది. నూలు తూచి బతికిన ఇంటివాళ్ళు, ఇంకేం కనబడుతుంది లెండి.

కాన్పుతో నా చక్కెర పోయింది. డాక్టరమ్మ చూసి చెప్పింది. పిల్లకు మా అమ్మ పేరే, పంకజాక్షి అని పెట్టాం. మీ మొక్కు మీరు తీర్చుకోండి, అడ్డం రాను. తీర్చుకున్నాక ఆ బెల్లంలో ముక్క కూడా నా ఇంటికి తేకండి.

ప్రసూనాంబ

నగరి,
9-2-1971

ప్రసూనాంబకు దీవెనలు.

కొండ మీద నువ్వు ముఖం ముడుచుకుని నిలబడ్డా స్వామి మాత్రం నవ్వుతూనే ఉన్నాడు, నేను చూశాను. పిల్లను తక్కెట్లో కూర్చోబెట్టి బెల్లం దిమ్మెలు పేరిస్తే తక్కెడ కదిలితేనా! ఇంకో దిమ్మె, దాని మీద ఇంకోటి. వెనక నిలబడిన అరవ ఆమె "పొణ్ణు గుండా ఇరుక్కు" అని, పిల్ల బొద్దుగా ఉందని బుగ్గ గిల్లింది. ఆ ఒక్క మాటకే నా బస్సు చార్జీలు వచ్చేశాయి.

నాకు ఒక సందేహం, తీరిక ఉంటే తీర్చు. తల్లి నోట కజ్జికాయ పెడితే విషం. అదే చక్కెర బిడ్డ నరంలోకి ఎక్కిస్తే మందు. ఈ చదువు ఏ బడిలో చెబుతారమ్మా? మీ డాక్టరమ్మ ఒక చేత్తో పస్తు పెట్టి ఇంకో చేత్తో చక్కెర పోసింది. నేను అదే పని ఒక్క చేత్తో చేస్తే మోటుదాన్ని అయ్యాను.

పైగా నీ చక్కెర కాన్పుతో పోయింది అని నువ్వే రాశావు. పోయిందేదో పోయింది కదా! పోయినదాని గురించి ఇంకా ఎన్నాళ్ళు ఏడుస్తావు?

నాగరత్నమ్మ

తిరుపతి,
14-6-1981

వదిన గారికి,

సెలవులకు పిల్లను మీ ఇంటికి పంపడం నా బుద్ధితక్కువ. పంకజ బస్సు దిగగానే మెడ చుట్టూ చూశాను. తోలు లేచిపోయి రసి కారుతోంది. ఎవరే ఇలా చేసిందంటే, "అత్త సున్నిపిండితో రుద్దింది, పోలేదని గోనెగుడ్డతో రుద్దింది" అని చెప్పింది. పదకొండేళ్ళ పిల్ల మెడను వంటింటి గిన్నె తోమినట్టు తోమారా?

మీ కోదండం "బొగ్గుమెడ" అని పేరు పెట్టాడట. మీరంతా పగలబడి నవ్వారట. పిల్ల ఇప్పుడు బడికి కూడా తువ్వాలు మెడ చుట్టూ కప్పుకుని పోతోంది. మీ తమ్ముడు గారికి చూపిస్తే, "మా అక్క చెయ్యి కొంచెం మోటు" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మీ ఇంట్లో మగవాళ్ళకు వెన్నెముక ఇవ్వడం ఆ భగవంతుడు మరిచిపోయినట్టున్నాడు.

ప్రసూనాంబ

నగరి,
20-6-1981

అయ్యవారమ్మకు,

పిల్లను తోమినందుకు ఇంత కోపమా? నువ్వు తోమి ఉంటే నేను తోమాల్సిన పనే లేదు. మెడ చుట్టూ అంత నల్లగా, మందంగా మురికి పట్టిందంటే ఆ ఇంట్లో నీళ్ళు లేవనుకోవాలా, తల్లి లేదనుకోవాలా? తిరుపతిలో నీళ్ళ కరువని తెలుసు. ఇంత కరువని తెలియదు. వాకిట్లో నిలబెడితే మా మగ్గం పనివాళ్ళు కూడా చూసి, "ఏంమా, మీ కోడలు ఇంకా ఒంటికి నీళ్ళు పోసుకోలేదా?" అన్నారు. నా తల కొట్టేసినట్టయింది.

బుగ్గలు నిండుగా, చేతులు నిండుగా లక్ష్మిలా ఉంటుంది పిల్ల. మెడ ఒక్కటే నీ పెంపకాన్ని చాటుతోంది. పుండుకు వేపాకు నూరి పసుపుతో కలిపి రాయి. డాక్టరు దగ్గరికి పరిగెత్తకు.

నాగరత్నమ్మ

తిరుపతి,
5-9-1983

వదిన గారికి,

పరిగెత్తాను. తిరుపతిలో కాదు, వేలూరు దాకా పరిగెత్తాను. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మీరు తెచ్చిన చిమ్మిలి తిన్నంత తిని, ఆపైన ఎప్పుడూ నీరసం, ఎప్పుడూ ఆకలి, ఒళ్ళేమో పెరుగుతూనే ఉంది. అందుకే వెళ్ళాను.

ఆ డాక్టరమ్మ ముందు పిల్ల మెడ చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "కాన్పప్పుడు నీకు చక్కెర వచ్చిందా?" అని అడిగింది. నేను చెప్పకముందే! మెడ మీదిది మురికి కాదట. ఒంట్లో చక్కెర సరిగా ఖర్చు కానివాళ్ళకు అలా నల్లబడుతుందట. ఎంత తోమినా పోదు, ఒళ్ళు తగ్గితే దానంతట అదే పలచబడుతుంది. విన్నారా? మీ గోనెగుడ్డ వృథా.

కడుపులో ఉన్నప్పుడు తల్లి చక్కెరలో నానిన పిల్లలు పెద్దయ్యాక కూడా ఊరికే లావెక్కుతున్నారనీ, మిగతావాళ్ళకంటే ముందే చక్కెర జబ్బులో పడుతున్నారనీ పెద్ద పెద్ద దేశాల్లో కనిపెట్టి చూస్తున్నారట. పంకజకు ఇప్పుడు జబ్బు లేదు, కానీ గడప దగ్గర నిలబడి ఉందట. తిండి చూసుకోవాలి, ఒంటికి పని చెప్పాలి. రేపు కడుపు పండితే మొదటి నెలల నుంచే పరీక్ష చేయించాలి. లేకపోతే నేను దానికి ఇచ్చింది అది తన బిడ్డకు ఇస్తుంది. ఆ మాటకు నాకు అక్కడే ఏడుపొచ్చింది వదినా. మీ ముందు ఏడవను కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నన్ను కూడా ఏడాదికొకసారి చూపించుకోమంది. నాకేం! నాది కాన్పుతోనే పోయింది. డాక్టర్లకు ఒకరిని చూపిస్తే ఇద్దరిని పట్టుకోవడం అలవాటు.

ఇకమీదట తీపి గంపలు పంపకండి.

ప్రసూనాంబ

నగరి,
17-9-1983

ప్రసూనాంబా,

నీ ఉత్తరం మా ఇంటాయన మునిరామయ్యకు చదివి వినిపించాను. ఆయన అన్నది ఒక్కటే మాట: "పిల్లనియ్యడం ఇష్టం లేదని సెప్పేదానికి వేలూరు దాకా పోవల్లనా?"

ఇదన్నమాట సంగతి. పుట్టిన నాడే నా కోదండానికి అనుకున్న పిల్ల. ఇప్పుడు నీ కంటికి మగ్గం ఇల్లు ఆనడం లేదు, ఆఫీసు అల్లుడు కావాలి. సూటిగా చెప్పే ధైర్యం లేక పిల్ల మెడ మీద, ఒంటి మీద, పుట్టని బిడ్డ మీద కూడా పెట్టి కథ అల్లావు. అల్లిక మా పనమ్మా, నీది కాదు. పోగులన్నీ బయట కనబడుతున్నాయి.

ఏ జబ్బున్నా సరే, మేనత్తను నేను. మెడ నల్లనైనా తెచ్చుకుంటాను, కాలు కుంటైనా తెచ్చుకుంటాను. ఆ సంగతి రాసిపెట్టుకో.

నాగరత్నమ్మ

తిరుపతి,
12-3-1989

వదిన గారికి,

ఇన్నేళ్ళూ మన మధ్య పెళ్ళి శుభలేఖ తప్ప ఉత్తరం లేదు. పంకజ "కోదండం బావనే చేసుకుంటా" అని భీష్మించుకుంది కాబట్టి ఇచ్చాను. మీరు గెలిచారు. ఊరంతా చెప్పుకున్నారు కూడా, విన్నాను.

ఇప్పుడు మూడో నెల అని మీ తమ్ముడు గారు కొండ మీది నుంచి రెండు లడ్లు తెచ్చి మరీ చెప్పారు. ఒకటి నేను తినాలట, ఇంకోటి పిల్లకు పంపాలట. పందొమ్మిదేళ్ళుగా ఆ మనిషికి నేను చెప్పింది ఇంతవరకే ఎక్కింది.

నా కోపాలు పక్కన పెట్టి అడుగుతున్నాను. పరీక్ష చేయించండి. ఈ నెలలోనే. కాన్పుకు ఎలాగూ పుట్టింటికి వస్తుంది, ఇప్పుడే పంపేయండి, నేను చూసుకుంటాను. నేనూ ఈమధ్య కొంచెం నలతగా ఉన్నాను. పాఠం చెబితే గొంతు పిడచకట్టుకుపోతోంది, సుద్దముక్కల దుమ్ము. కళ్ళజోడు మార్పించినా అక్షరం మసకే. అయినా పిల్లకు లోటు రానివ్వను.

ప్రసూనాంబ

నగరి,
25-3-1989

ప్రసూనాంబకు,

పంపను.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని నాకూ తెలుసు, నువ్వు పాఠం చెప్పనక్కర్లేదు. పొద్దున బడికి పోయి సాయంత్రం దాకా రాని తల్లి, సంచీలో లడ్లు దాచుకొచ్చే తండ్రి. ఆ ఇంట్లో పిల్లకు దిక్కెవరు? ఇక్కడ తింటోంది, తిరుగుతోంది. ఏం తింటోంది, ఎంత తిరుగుతోంది అన్నది నా ఇంటి సంగతి.

ఏడో నెల శ్రీమంతం. వచ్చి అక్షింతలు వేసి పో.

నాగరత్నమ్మ

తిరుపతి,
6-8-1989

నాగరత్నమ్మ గారికి,

వదినా అని పిలవడానికి నోరు రావడం లేదు.

శ్రీమంతానికి వచ్చి మీ వసారాలో ఏం చూశాను? గోడ పొడవునా బెల్లం దిమ్మెలు. మనిషెత్తు! నా బిడ్డేమో ముఖం పీక్కుపోయి, ఏం అడిగినా మీ వైపు చూసి "బాగుండానుమా" అంటుంది. పరీక్ష చేయించారా అంటే మీరు విననట్టు దూడకు నీళ్ళు పెట్టడానికి పోయారు. మనవడి తూకానికి ముందే బెల్లం పేర్చుకున్నారని నాకు అర్థం కాలేదనుకున్నారా? పందొమ్మిదేళ్ళ క్రితం నా బిడ్డ మీద మురిసిపోయారు. ఇప్పుడు దాని బిడ్డ మీద మురిసిపోతారు. వాళ్ళ బతుకులు ఏమైపోయినా మీకు తక్కెడ ఒరిగితే చాలు.

కాన్పుకు రావాలనుంది. రాలేను. శ్రీమంతానికి ముందే కొత్త చెప్పు కరిచి పాదం మీద పుండు పడింది. నెల దాటినా మానడం లేదు. దాని మీద నడిచి వచ్చి మీ గుమ్మంలో నిలబడే ఓపిక లేదు. పిల్లకు ఏదైనా జరిగితే మిమ్మల్ని ఏడుకొండలవాడు క్షమిస్తాడేమో, నేను క్షమించను.

ప్రసూనాంబ

నగరి,
19-10-1989

చిరంజీవి ప్రసూనాంబకు నీ వదిన నాగరత్నమ్మ దీవించి రాసేది. నోరు వచ్చినా రాకపోయినా వదిననే.

టెలిగ్రాం అందే ఉంటుంది. మగపిల్లాడు. ఆరు ముప్పావు పౌన్లు. ఎలకపిల్లలా ఉన్నాడు. మా వంశంలో ఇంత తేలికైన మగవాడు ఇంతవరకూ పుట్టలేదు, ఒక్క మీ ఆయన తప్ప, వాడిది బుద్ధి తేలిక. పుట్టాక వీడు వణకలేదు. కాలి మడమలో సూది గుచ్చి చూశారు, గ్లూకోజు అక్కర్లేదన్నారు. తల్లి కులాసాగా ఉంది.

ఇప్పుడు విను. నువ్వు చెప్పావని చేయలేదు, ముందే చెబుతున్నాను. నీ ఉత్తరం వచ్చిన వారానికి పిల్లకు వాంతులు ఎక్కువైతే పుత్తూరు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె గాజు గొట్టంలో నీలిరంగు మందు పోసి, అందులో పిల్ల మూత్రం కొన్ని చుక్కలు వేసి నా ఎదుటే కాచింది. నేను పుట్టింది రంగు తొట్ల పక్కన. నీలం పచ్చనై, పచ్చన పసుపై, చివరికి ఇటుక రంగులోకి తిరిగింది. డాక్టరు మాట నేను నమ్మను, నీ మాట అసలే నమ్మను. కానీ నీలం ఊరికే ఎరుపు కాదు. రంగుకు అబద్ధమాడే పని లేదు.

అంతే. ఆ గొట్టమూ మందూ కొని తెచ్చుకున్నాను. పొద్దున, సాయంత్రం మా వంటింట్లో కాచాను. పక్కన రంగు రంగుల నూలు చిలపలు, అవే పోగుల కట్టలు, కట్టుకున్నాను, నీలానిది, పచ్చదానిది, పసుపుది, ఇటుక రంగుది. ఏ చిలపతో సరిపోతే ఆ పూట తిండి ఆ తీరుగా. రాగి సంకటి, ఆకుకూర. తిన్నాక మగ్గాల వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నా వెంట నడవాలి. ఆరో నెలలో తిండితో లొంగలేదు. సూది మందు అన్నారు. కోదండం నేనే పొడుస్తానని సూది చేత పట్టుకుని కళ్ళు తిరిగి పడ్డాడు. మేనమామ పోలిక. చివరికి నేనే పొడిచాను. "అత్తా, నొప్పెత్తదు, కానీలే" అని అదే నాకు ధైర్యం చెప్పింది. నీ కూతురే, అయినా మంచిది.

నీకు చెప్పొద్దని దానిచేత ఒట్టు వేయించుకున్నది నేనే. చెప్పి ఉంటే నువ్వు 'చూశారా' అని ఒక ఉత్తరం రాసేదానివి. ఆ ఉత్తరం చదివే కంటే ఇన్ని నెలలు నీ తిట్లు తినడమే నాకు సుఖం.

బెల్లం అంటావా? ఆడికృత్తిక పండగకు తిరుత్తణి పోయే కావళ్ళవాళ్ళకు మా వీధివాళ్ళం పానకం పోస్తాం. ఏటా ఆ బెల్లమంతా మా వసారాలోనే దించుతారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఎరిగినదానివి. కళ్ళు మసకబారి మరిచిపోయావేమో!

కళ్ళ సంగతి వచ్చింది కాబట్టి అసలు మాటకు వస్తాను. శ్రీమంతం రోజుల్లో నువ్వు నా బెల్లం చూస్తూ ఉన్నావు, నేను నిన్ను చూస్తూ ఉన్నాను. వడ్డించేలోపు చెంబుడు నీళ్ళు, తిన్నాక ఇంకో చెంబు. గంటకోసారి పెరట్లోకి. నువ్వు పోయివచ్చిన చోట చీమలు బారులు కట్టాయి ప్రసూనా. మా దొడ్లో అంతకు ముందు లేవు, నువ్వు బస్సెక్కాక మళ్ళీ లేవు. అప్పుడే అడుగుదామనుకున్నాను. నువ్వేమో ముఖం మాడ్చుకుని బస్సెక్కావు. ఆ తర్వాత ఉత్తరంలో పుండు మానలేదని నువ్వే రాశావు. పుత్తూరు డాక్టరమ్మకు చెబితే, "ఆ తల్లి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూపించుకుందా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది, నీ తరఫున.

పందొమ్మిదేళ్ళు నన్ను మొద్దు అన్నావు, మోటు అన్నావు. నీ కూతురి ఒంట్లో చక్కెర, నీ కూతురి కడుపులో చక్కెర, ఊరందరి చక్కెర నీకు తెలుసు. నీ చక్కెర మాత్రం కాన్పుతో పోయింది! ఆ మాట నేనన్నప్పుడు నవ్వావు. అదే మాట పట్టుకుని నువ్వు కూర్చున్నావు. ఇంత చదువుకున్న మూర్ఖురాలిని నేను నగరిలో చూడలేదు, తిరుపతిలోనే చూశాను.

పురుటి నీళ్ళు అయ్యేలోపు బయలుదేరి రా. బడికి సెలవు పెట్టు. ఆ కాలితో బస్సులో వేలాడకు, కారు మాట్లాడమని దేవరాజులుకు వేరే కార్డు రాశాను. ముందురోజు పస్తుండి నన్ను ఏమార్చాలని చూడొద్దు, కడుపునిండా తిని రా. గొట్టం కడిగి బోర్లించాను, చిలపలు గోడకు అలాగే వేలాడుతున్నాయి. ఇటుక రంగు వస్తే ఇద్దరం కలిసి పుత్తూరు పోదాం. నీలం వస్తే ఆ రోజంతా నన్ను తిట్టుకో, పడతాను.

పిల్లవాడి తులాభారం మొక్కు అలాగే ఉంది. బెల్లం వద్దు, ఉప్పో బియ్యమో నువ్వు చెప్పు. కానీ ఆ తక్కెడ పక్కన నువ్వు ముఖం ముడుచుకుని నిలబడి ఉండాలి. నువ్వు లేకుండా నాకు ఆ మొక్కు తీరినట్టుండదు.

నీ వదిన
నాగరత్నమ్మ